బండి ఎప్పుడు ఆగుతోంది?

సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడే ఆగిపోయే కారు ఒకటి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడే మొరాయించే కారు మరొకటి. కాసేపు బాగానే నడిచి, ఉన్నట్టుండి ఆగి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే కారు ఇంకొకటి. షెడ్డుకి వెళ్లాక మూడింటి యజమానులూ చెప్పేది ఒకటే మాట: "బండి మధ్యలో ఆగిపోతోందన్నా!"

ఆ ఒక్క మాట పట్టుకుని పనిలోకి దిగితే ముందు ప్లగ్గులు మారతాయి, తర్వాత కార్బొరేటర్ కడుగుడు, ఆపైన పంపు. బిల్లు పెరుగుతుంది, రోగం మాత్రం అలాగే ఉంటుంది. చేయి తిరిగిన మెకానిక్ బానెట్ ఎత్తకముందే ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఎప్పుడు ఆగుతోంది సార్? పొద్దున్నేనా, ఇంజిన్ వేడెక్కాకా? నిలబడి ఉన్నప్పుడా, రేసు ఇచ్చినప్పుడా? ఏసీ వేస్తేనా? వానలోనా? లోపం ఏ వైపు ఉందో సగం ఈ జవాబుల్లోనే తేలిపోతుంది.

పెట్రోలు ఇంజిన్ నడవడానికి కావలసినవి గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. మామూలు పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలోకి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. 12 వోల్టుల బ్యాటరీ కరెంటును ఇగ్నిషన్ కాయిల్ 20 వేల వోల్టులు దాటించి ప్లగ్గుకి పంపాలి. ఇదంతా ఎంత వేగంగా జరగాలో చూడాలంటే మారుతి 800నే తీసుకోవచ్చు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరి వరకు తయారైన ఆ కారుకి 796 సీసీ ఇంజిన్, మూడే సిలిండర్లు. ఐడ్లింగులో నిమిషానికి 800 చుట్లు తిరిగినా సెకనుకి 20 సార్లు ఆ మంట రగలాలి. ఒక్క సిలిండర్ మిస్సయితే శక్తిలో మూడోవంతు పోయినట్టే. అందుకే ఆ బండికి మిస్సింగ్ వస్తే స్టీరింగ్ దగ్గర్నుంచి వెనక సీటు దాకా వణుకుతుంది.

నిలబడినప్పుడు మాత్రమే ఆగిపోయే బండిలో అనుమానం ముందుగా సన్నని దారుల మీదకి పోవాలి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాక గాలిని అడ్డుకునే త్రాటిల్ పళ్లెం దాదాపుగా మూసుకుంటుంది. కార్బొరేటర్ బండికి అప్పుడు పెట్రోలు అందేది స్లో జెట్ అనే సూదిమొనంత రంధ్రంలోంచి. టాంకులోంచి వచ్చిన ఇసుమంత కచరా చాలు, అది పూడుకుపోవడానికి. పెట్రోలును ఇంజెక్టర్లు చిమ్మే ఎంపీఎఫ్ఐ బండిలో కార్బొరేటర్ ఉండదు కానీ త్రాటిల్ బాడీ అంచున మసి పేరుకుంటుంది, లేదా ఐడ్లింగుకి గాలిని సర్దే వాల్వు బిగుసుకుంటుంది. ఏసీ వేయగానే కంప్రెసర్ బరువు ఇంజిన్ మీద పడుతుంది. ఆ బరువుకి తగ్గట్టు ఐడ్లింగు పెరగకపోతే బండి ఊగి ఆగిపోతుంది.

ఇక్కడే దొంగ గాలి సంగతి కూడా చూడాలి. ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి ఉడికిన రబ్బరు గొట్టాలు ఎండి పగులుతాయి. లెక్కలో లేని గాలి ఆ పగుళ్లలోంచి లోపలికి దూరుతుంది. ఐడ్లింగులో తీసుకునే గాలే తక్కువ కాబట్టి, ఈ కాస్త దొంగ గాలీ మిశ్రమాన్ని చెడగొడుతుంది. వేగం అందుకున్నాక అదే లీకు లెక్కలోకి రాదు. నిలబడితే వణుకు, పరిగెత్తితే హాయి అనే కారుకి ముందుగా గొట్టాలూ మానిఫోల్డ్ గాస్కెట్టూ చూడాలి. చెవి పెడితే సుయ్‌మనే చప్పుడు వినిపించవచ్చు. లీకు పట్టుకోవడానికి కొందరు పెట్రోలు చల్లుతుంటారు. వేడి సైలెన్సర్ పైపు పక్కనే ఆ పని చేయడం మంటల్ని పిలవడమే.

రేసు ఇచ్చిన క్షణంలో గుటకేసినట్టు తడబడి, తర్వాత పికప్ అందుకునే బండి వేరే కథ. త్రాటిల్ ఒక్కసారిగా తెరుచుకుంటే గాలి వెంటనే లోపలికి ఉరుకుతుంది. పెట్రోలు బరువైనది, దాని వెంట అంత త్వరగా రాలేదు. ఆ లోటు పూడ్చడానికే కార్బొరేటర్‌లో యాక్సిలరేటర్ పంపు ఉంటుంది. రేసు ఇచ్చినప్పుడల్లా కొంచెం పెట్రోలు అదనంగా చిమ్ముతుంది. దానిలోని పల్చటి డయాఫ్రం చిరిగితే ఆ చిమ్ముడు ఆగుతుంది. పరీక్ష తేలిక: ఇంజిన్ ఆపి, చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ తీసి, చేత్తో త్రాటిల్ లాగి చూడాలి. సన్నటి పెట్రోలు ధార కనిపించకపోతే దొంగ దొరికినట్టే. ఎంపీఎఫ్ఐ బండిలో ఇలాంటి తడబాటుకి త్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్ అరిగిపోవడం ఒక కారణం.

సిటీలో బాగా తిరిగి, అరకు ఘాట్ ఎక్కేటప్పుడో హైవే మీద వేగంలోనో ఊపిరాడని బండికి చాలాసార్లు పెట్రోలు చాలడం లేదని అర్థం. ఐడ్లింగుకి చుక్కలు చాలు, కాబట్టి సగం మూసుకుపోయిన ఫిల్టరూ అప్పుడు పట్టుబడదు. బరువు లాగాల్సి వచ్చినప్పుడే ఫిల్టర్, నీరసించిన పంపు బయటపడతాయి. పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బండి ఆగిన వెంటనే పెట్రోలు టాంకు మూత తీయాలి. గాలిని బలంగా లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే, టాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుందన్నమాట.

వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టయ్యే బండి మెకానిక్కులకి పెద్ద తలనొప్పి. షెడ్డుకి చేరేసరికి అంతా సవ్యంగానే ఉంటుంది. కాయిల్ లోపలి తీగ వేడికి వ్యాకోచించి తెగుతుంది, చల్లబడితే మళ్లీ కలుస్తుంది. ఎంపీఎఫ్ఐ బండ్లలో క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ కూడా ఇదే నాటకం ఆడుతుంది. కాబట్టి పరీక్ష బండి ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే జరగాలి. ప్లగ్గు దగ్గర రవ్వ వస్తోందా, పెట్రోలు వస్తోందా అన్నది అప్పుడే తేలుతుంది.

వేసవిలో మరో చిక్కు ఉంది. పాత అంబాసిడర్, ఫియట్ కార్లలో పెట్రోలు పంపు ఇంజిన్‌కే అంటుకుని ఉంటుంది, టాంకులోంచి పెట్రోలు పీలుస్తుంది. పీల్చే గొట్టంలో ఒత్తిడి తగ్గి, పైన ఇంజిన్ సెగ తోడై, పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపుకి ఆవిరి చిక్కుతుంది తప్ప పెట్రోలు అందదు. మే నెల ఎండలో పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టేది అందుకే. ఎంపీఎఫ్ఐ బండ్లలో పంపు టాంకులోనే మునిగి ఉండి పెట్రోలును ఒత్తిడితో ముందుకు తోస్తుంది కనుక ఈ బెడద చాలా తక్కువ.

ఇప్పుడు పాత బండ్ల ఓనర్లు పెట్రోలు మీద కూడా ఓ కన్నేయాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతటా మామూలు పెట్రోలయింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఇంధనం ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి ఆ తేడాను చాలావరకు సర్దుకుంటుంది. కార్బొరేటర్ జెట్ల రంధ్రాలు మారవు కనుక మిశ్రమం పలచబడుతుంది. పైగా ఇథనాల్ టాంకులో ఏళ్లనాటి మడ్డిని కరిగించి ఫిల్టర్‌కి చేరుస్తుంది, పాతకాలపు రబ్బరును దెబ్బతీస్తుంది, తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారు తీసిన రోజే తడబడితే, ముందు టాంకు అడుగున ఏముందో చూడటం మంచిది.

కొన్నిసార్లు గాలీ పెట్రోలూ రవ్వా అన్నీ బాగుండి కూడా ఇంజిన్ ఆగుతుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 2014లో షెవర్లే కోబాల్ట్ సహా దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది ఇలాంటి లోపంతోనే. ఇగ్నిషన్ స్విచ్‌లో తాళంచెవిని ఆన్ స్థానంలో నిలిపే పట్టు బలహీనంగా ఉంది. గుత్తి బరువుకో మోకాలు తగిలితేనో తాళం వెనక్కి జారేది. ఇంజిన్ ఆగడంతో పాటు ఎయిర్‌బ్యాగులూ పనిచేయకుండా పోయేవి. ఆ లోపానికి ముడిపడిన మరణాలు 124 అని నష్టపరిహార నిధి లెక్క తేల్చింది. పాత కారులో గతుకులు తగిలినప్పుడే ఇంజిన్ ఆగితే ఇగ్నిషన్ స్విచ్, బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ తీగ చూడాలనడం ఇందుకే.

రోడ్డు మధ్యలో ఆగితే హజార్డ్ లైట్లు వేసి, ఉన్న వేగంతోనే ఎడమ పక్కకి చేర్చాలి. ఇంజిన్ ఆగాక బ్రేక్ బూస్టర్‌లో ఒకటి రెండు నొక్కులకి సరిపడా సాయమే మిగులుతుంది. పదేపదే వదిలి నొక్కకుండా ఒకేసారి గట్టిగా నొక్కి పట్టాలి. పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది గానీ తిరుగుతుంది. బండి పూర్తిగా నిలిచేదాకా తాళంచెవి బయటికి తీయకూడదు, స్టీరింగ్ లాకవుతుంది.

తర్వాత ఆగిన సమయం, వేగం, ఎండా వానా, ఏసీ ఉందా లేదా, టాంకులో పెట్రోలెంత అన్నవి ఫోన్‌లోనే రాసుకుంటే మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది. గత పదేళ్లలో కొన్న కారైతే స్కానర్ కూడా పెట్టించవచ్చు. కాకపోతే అది చూపే కోడ్ ఏ పార్టు మార్చాలో చెప్పదు. పీ0171 అని వస్తే మిశ్రమం పలచగా ఉందని మాత్రమే అర్థం. చాలా షెడ్లలో వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. ఆ సెన్సర్ చాలాసార్లు ఉన్న సంగతే చెప్పి ఉంటుంది. పగిలిన గొట్టాలు ముందు, పెట్రోలు ఒత్తిడి తర్వాత చూసి, ఆ రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాకే సెన్సర్ జోలికి వెళ్లమని మెకానిక్‌ని అడగవచ్చు.