కమలాపురం ముల్లు, బెల్‌ఫాస్ట్ టైరు

1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ ఒక ముళ్లచెట్టు విత్తనాలు తెప్పించమని సర్కారుకు ఉత్తరం రాశాడు. వానలు లేని మెట్టసీమలో వంటచెరకుకు కరువు రాకూడదన్నది ఆయన ఆలోచన. జమైకా నుంచి వచ్చిన ఆ విత్తనాలను మరుసటి ఏడు కడప జిల్లా కమలాపురంలో నాటారు. అదే మన సర్కారు తుమ్మ. పశువులూ మేకలూ తీపి కాయలు తిని గింజల్ని ఊరూరా చల్లాయి. చెరువు కట్టలూ, వంక గట్లూ, బీళ్లూ కంపతో నిండిపోయాయి. కడపలోనో కర్నూలులోనో ఖాళీ స్థలాల పక్కగా సైకిలు తొక్కేవాళ్లకు ఆ ముల్లు సంగతి చెప్పనక్కర్లేదు.

కమలాపురంలో మొక్కలు లేచిన పదేళ్లకు, 1887లో, బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్ తన కొడుకు మూడుచక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టాలు చుట్టాడు. 1888లో పేటెంటు వచ్చింది, రెండేళ్లకే రద్దయింది. రాబర్ట్ థామ్సన్ 1845లోనే గుర్రబ్బండి చక్రాలకు గాలి టైరు కనిపెట్టి పేటెంటు పొందాడని తేలింది మరి. దాన్ని అడిగే సైకిలే అప్పటికి లేదు.

డన్లప్ తొలి టైర్లను రిమ్ముకు జిగురుతో అంటించేవారు. ముల్లు దిగితే ఊడదీసి, మళ్లీ అంటించి ఆరబెట్టాలి. 1890లో వెల్చ్ అనే ఆయన, జిగురు లేకుండానే రిమ్మును పట్టుకునేలా, టైరు అంచుల్లో తీగ పెట్టాడు. 1891లో మిషెలిన్ సోదరులు ఊడదీసే టైరు తెచ్చారు. పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే దాదాపు 1,200 కిలోమీటర్ల పందెంలో ఆ ఏడే షార్ల్ టెరోన్ దాని మీదే గెలిచాడు. డన్లప్ కన్నా వీళ్లకే మనం ఎక్కువ రుణపడ్డామని నా నమ్మకం. టైరు ఊడదీసి, లోపలి ట్యూబు బయటికి తీసి బాగుచేసుకునే వీలు కల్పించింది వీళ్లే. చెట్టు కింద నీళ్ల తొట్టి పెట్టుకుని బతికే పంచరు షాపు ఆ వీలు వల్లే పుట్టింది.

ట్యూబు వేరు, టైరు వేరు కావడంలోనే మళ్లీ మళ్లీ పంచరు కావడానికి మూలమూ ఉంది. బుడగ వచ్చిన చోట ట్యూబుకు ప్యాచ్ వేస్తాం. విరిగిన ముల్లు మొన మాత్రం టైరులోనే ఉంటుంది. బయటికి కనపడదు, గాలి కొట్టి బండెక్కగానే లోపలికి పొడుచుకొస్తుంది. అందుకే ట్యూబు తీసేముందు వాల్వు ఎదుట టైరు మీద సుద్దతో గీత పెట్టాలి. చిల్లి వాల్వుకు ఎంత దూరంలో ఉందో టైరు మీద అంతే దూరంలో వెతికితే ముల్లు దొరుకుతుంది. లోపలంతా పాతగుడ్డతో తుడిస్తే దారం తగులుకుని పల్లేరు ముల్లు కూడా పట్టుబడుతుంది. చిల్లి రిమ్ము వైపుంటే చక్రం పుల్ల మొన గుచ్చుకుందని అర్థం. పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై, గుంతలో ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగిందన్నమాట.

ఎండకు ట్యూబు పేలుతుందని భయపడి సగం గాలితో తిరిగేవాళ్లున్నారు. పొద్దున 25 డిగ్రీల వేడిలో చదరపు అంగుళానికి 50 పౌన్లు కొడితే, మధ్యాహ్నం టైరు 60 డిగ్రీలకు కాగినా ఒత్తిడి 58 దాటదు. గట్టి ట్యూబు దానికి పగలదు. ఎండకు చెడేది వాల్వు మీది సన్నటి రబ్బరు గొట్టం, సరిగా అతకని ప్యాచ్. సొల్యూషన్ అంటే ద్రావకంలో కరిగిన రబ్బరు. ఆ ద్రావకం ఎగిరిపోయి పూత వేలికి అంటీ అంటనట్టు అయ్యాకే ప్యాచ్ నొక్కాలి. తడి మీద వేస్తే ఆవిరి లోపలే చిక్కుకుని, మొదటి ఎండకే అంచు లేస్తుంది.