టీఎస్‌హెచ్ తర్వాత ఏం పరీక్ష?

థైరాయిడ్ అనుమానం వస్తే ముందుగా చేసే రక్తపరీక్ష టీఎస్‌హెచ్. ఈ హార్మోన్ మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వస్తుంది. థైరాయిడ్ మందగిస్తే పెరుగుతుంది, అతిగా పనిచేస్తే పడిపోతుంది. పెద్దవాళ్లలో సుమారు 0.4 నుంచి 4 వరకు మామూలుగా లెక్కిస్తారు.

ఆ ఒక్క అంకెతో ఆగిపోవడమే అసలు చిక్కు. కాస్త ఎక్కువుందని ఏళ్ల తరబడి మాత్రలు మింగేవాళ్లు కొందరు. అంతా బాగుందనిపించుకుని అదే నీరసంతో ఇంటికొచ్చేవాళ్లు మరికొందరు. హైదరాబాద్ సహా 8 నగరాల్లో 5,376 మంది పెద్దలపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. 10.95 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ మందగించడం, ఉన్నట్టు తేలింది. వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

మేడ్చల్, శామీర్‌పేట వాసులు పరీక్ష కోసం నగరం నడిబొడ్డుకు పరుగెత్తనక్కర్లేదు. 2018లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆవరణలో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పద్ధతిలో సర్కారు దవాఖానాలో ఇచ్చిన రక్తం హబ్ ల్యాబ్‌కు చేరుతుంది. థైరాయిడ్ పరీక్షలు అక్కడ ఉచితం. అలసట, జుట్టు రాలడం రక్తహీనతలోనూ ఉంటాయి కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవాలి.

టీఎస్‌హెచ్ 4, 10 మధ్య ఉంటే కంగారుగా మందు మొదలుపెట్టే పని సాధారణంగా ఉండదు. రెండు మూడు నెలల తర్వాత ఫ్రీ టీ4 (థైరాయిడ్ విడుదల చేసే హార్మోన్), యాంటీ టీపీఓ (థైరాయిడ్‌పై దాడిచేసే యాంటీబాడీ) పరీక్షలతో కలిపి మళ్లీ చేయిస్తారు. ఈలోగా చాలామందిలో అది దానంతటదే దిగొస్తుంది. యాంటీ టీపీఓ పాజిటివ్ అయితే ముందుముందు గ్రంథి మందగించే అవకాశం ఎక్కువ. 10 దాటితే సాధారణంగా చికిత్స మొదలవుతుంది. గర్భిణుల లెక్క వేరు: తొలి నెలల్లో బిడ్డ తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది గనుక ఆలస్యం పనికిరాదు.

ఎక్కువగా తప్పిపోయేది మరొకటుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాని తల్లిలో పీయూష గ్రంథే దెబ్బతిని ఉండొచ్చు. దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటారు. అప్పుడు టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించవచ్చు. ఫ్రీ టీ4 మాత్రం తగ్గిపోయి ఉంటుంది. ఇలాంటివారికి థైరాయిడ్ మాత్ర ఇచ్చే ముందు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) చూడటం తప్పనిసరి. అది తక్కువగా ఉండగా మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదికి రావచ్చు. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి పంపించేయడం ఈ తల్లుల విషయంలో క్షమించరాని పొరపాటు.

టీఎస్‌హెచ్ బాగా తక్కువైతే టీ3, ఫ్రీ టీ4, అవసరాన్ని బట్టి యాంటీబాడీ పరీక్ష లేదా టెక్నీషియం స్కాన్ చేస్తారు. గర్భిణులకు ఆ స్కాన్ చేయరు. మెడలో గడ్డ తగిలితే రక్తపరీక్ష బాగున్నా అల్ట్రాసౌండ్ కావాల్సిందే. అనుమానం ఉంటే సూదితో నమూనా తీస్తారు.

జుట్టు కోసం వాడే బయోటిన్ ఫలితాన్ని తారుమారు చేస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ రోజు రక్తం ఇచ్చాకే వేసుకోవడం మేలు. చిక్కుముడి కేసులకు నిమ్స్, ఉస్మానియాల్లో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ వెంట తీసుకెళ్లండి. కాన్పులో రక్తం ఎక్కువగా పోయి ఉంటే డాక్టర్ అడగకపోయినా ఆ మాట చెప్పండి.