ప్రతి ఫ్రేమూ కొత్తగా: వెబ్‌రెండర్ కథ

వెబ్ పేజీని పైకి జరుపుతుంటే తెర మీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలి. అంటే ఒక్కో బొమ్మకు బ్రౌజరుకు దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. అది దాటిందంటే పేజీ తడబడినట్టు కంటికి తెలిసిపోతుంది.

పాత బ్రౌజర్లు పేజీని పొరలుగా విడగొట్టి, గీసి దాచుకుని, ఆ పొరల్ని జరుపుతూ ఉండేవి. మారిన ముక్కనే మళ్ళీ గీసేవి. మార్పు కొంచెమైతే ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. పేజీ అంతా కదులుతుంటే మాత్రం ఏ ముక్క మారిందో లెక్క తేల్చడానికే సమయం అయిపోయేది.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును తయారుచేసే మొజిల్లాలో 2012లో మొదలైన సర్వో అనే ప్రయోగాత్మక బ్రౌజర్ ఇంజన్ ఈ చిక్కును వేరే దారిలో విప్పింది. వీడియో గేములు ప్రతి ఫ్రేములోనూ దృశ్యమంతా కొత్తగా గీస్తాయి. పేజీనీ అలాగే గీయించాలనుకున్నారు. రస్ట్ భాషలో రాసిన ఆ భాగమే వెబ్‌రెండర్. ఏ పెట్టె, ఏ నీడ, ఏ అక్షరం ఎక్కడ ఉండాలో జాబితా తీసుకుని, ఒకే రకం పనుల్ని గుంపులు కట్టి, బొమ్మలు గీసే చిప్ అయిన జీపీయూకు అప్పగిస్తుంది. షేడర్లనే చిన్న ప్రోగ్రాములు వేల పిక్సెళ్ళను ఒకేసారి నింపుతాయి. అక్షరాల దారి కాస్త వేరు. ‘స్త్రీ’ అన్న మాటలో ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ముందే తేలిపోతుంది. ఆ అక్షర రూపాల్ని సీపీయూ ఒకసారి గీసి జీపీయూ మెమరీలో దాస్తే, తరవాత ఎన్నిసార్లు కావాలన్నా అక్కణ్ణించే తీసుకోవచ్చు.

రాయడం ఒక ఎత్తు, పరీక్షించడం ఒక ఎత్తు. నా దృష్టిలో ఈ ఆవిష్కరణను నిలబెట్టింది రెండోదే. సర్వో నుంచి వెబ్‌రెండర్‌ను ఫైర్‌ఫాక్స్‌లోకి తెచ్చారు. రోజూ కొత్తగా తయారయ్యే పరీక్షా కూర్పు ఫైర్‌ఫాక్స్ నైట్లీలో ఒక సెట్టింగు మార్చి, బ్రౌజరును మళ్ళీ తెరిస్తే వెబ్‌రెండర్ మొదలయ్యేది. ఒక కంప్యూటర్లో నున్నగా జారే పేజీ ఇంకో కంప్యూటర్లో నల్లటి గళ్ళుగా కనిపించవచ్చు, అక్షరాలు చెదరవచ్చు. ఒక్కో గ్రాఫిక్స్ కార్డు కంపెనీ డ్రైవరు అవే షేడర్లను తనదైన తీరులో అనువదించుకోవడమే కారణం. అందుకే “సరిగ్గా రావడంలేదు” అన్న ఫిర్యాదు ఒక్కటే చాలదు. ఏ కార్డు, ఏ డ్రైవరు, ఏ పేజీ అన్నవి కూడా చెప్పాలి. నిన్నటిదాకా బాగున్నది ఎప్పుడు చెడిందో పట్టుకోవడానికి మోజ్‌రిగ్రెషన్ అనే సాధనం ఉంది. అది నైట్లీల వరుసను ప్రతిసారీ సగానికి కోస్తూ పోతుంది. 64 నైట్లీలున్నా ఆరు పరీక్షల్లో తప్పు దొరుకుతుంది.

2019 మేలో ఫైర్‌ఫాక్స్ 67తో వెబ్‌రెండర్ మామూలు వాడుకరుల దగ్గరికి వచ్చింది. అదీ ఎంతో ఆచితూచి: విండోస్ 10, ఎన్విడియా కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లకు మాత్రమే, మొదట సుమారు 5 శాతం మందికే. ఈలోగా ప్రతి ఫ్రేమూ కొత్తగా గీయాలన్న మొదటి సిద్ధాంతమూ కొంత మెత్తబడింది. కదలని పేజీని పదేపదే గీస్తే బ్యాటరీ వృథా. అందుకని మారని భాగాల్ని గళ్ళుగా దాచుకునే ఏర్పాటు చేర్చారు. పాత పద్ధతిలోని మంచిని ఇలా వెనక్కి తెచ్చుకోవడం నాకెంతో నచ్చిన విషయం.

తగిన జీపీయూ లేని కంప్యూటర్ల కోసం అవే షేడర్లను సీపీయూ మీద నడిపే సాఫ్ట్‌వేర్ వెబ్‌రెండర్‌ను తయారుచేశారు. దానితో పాత లాప్‌టాప్‌లూ కొత్త దారికి వచ్చాయి, పొరలు పేర్చే పాత కోడును తీసేయడానికీ వీలు కలిగింది.