పరుగెత్తినా... జారకూడదు!

అమెరికాలో పొద్దున్నే పార్కుకి వెళ్తే జాగింగ్ చేసేవాళ్లు బోలెడుమంది కనిపిస్తారు. చెవిలో ఇయర్‌ఫోన్లు, చేతికి వాచీ, కాళ్లకు ఖరీదైన బూట్లు. వాళ్లలో కొందరి చొక్కా కింద మనకు కనిపించనిది ఇంకోటి ఉంటుంది... తుపాకీ! చట్టం ఒప్పుకుంది సరే, పరిగెత్తే ఒంటి మీద దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఎందులో పెట్టుకోవాలి? వినడానికి చిన్న ప్రశ్నే. జవాబు తప్పితే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

2008 ఫిబ్రవరి. ప్లాక్సికో బరెస్ అమెరికా అంతటికీ హీరో. సూపర్ బౌల్ ఫైనల్లో న్యూయార్క్ జెయింట్స్ జట్టుని గెలిపించిన బంతిని పట్టింది అతనే. అదే ఏడాది నవంబరులో ఓ రాత్రి న్యూయార్క్‌లోని నైట్‌క్లబ్బుకి వెళ్లాడు. ప్యాంటు నడుములో పిస్తోలు దోపుకున్నాడు. దానికి ఒర లేదు. నడుస్తుంటే అది కాలి మీదుగా జారింది. కంగారుగా పట్టుకోబోయాడు. వేలు ట్రిగ్గర్‌కి తగిలింది. తూటా అతని తొడలోకే దూసుకుపోయింది. ఆ పిస్తోలుకి న్యూయార్క్‌లో లైసెన్సు కూడా లేకపోవడంతో రెండేళ్ల జైలుశిక్ష పడింది. సూపర్ బౌల్ వీరుడు 2011 జూన్‌లో గానీ బయటికి రాలేదు.

పదేళ్లు గడిచాయి. 2018 జూన్‌లో డెన్వర్‌లోని ఓ బార్‌లో సెలవు మీదున్న ఎఫ్‌బీఐ ఏజెంట్ డాన్స్ చేస్తున్నాడు. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. హుషారు పెరిగి వెనక్కి పల్టీ కొట్టాడు. నడుము దగ్గరున్న తుపాకీ ఎగిరి నేల మీద పడింది. గభాలున వంగి తీసుకున్నాడు. ఢాం! దగ్గర్లో ఉన్న ఒకతని కాల్లోకి తూటా దిగింది. తుపాకులు వాడటంలో శిక్షణ పొందిన మనిషికే అలా జరిగింది!

ఈ రెండు ఘటనల్లో జాగ్రత్తగా చూడాల్సిన సంగతి ఒకటుంది. తుపాకీ జారినప్పుడు పేలలేదు, కింద పడినప్పుడూ పేలలేదు. దాన్ని అందుకోబోయిన చెయ్యి ట్రిగ్గర్‌ని నొక్కినప్పుడే పేలింది. ఈ కాలం పిస్తోళ్లలో చాలావాటికి కిందపడితే పేలకుండా లోపల ఏర్పాటు ఉంటుంది. వేలిని ఆపే ఏర్పాటు మాత్రం అన్నిటికీ ఉండదు. అందుకే అక్కడి శిక్షకులు 'జారుతున్న తుపాకీని పట్టుకోబోకండి, పడనివ్వండి' అని మొదటిరోజే చెబుతారు. అసలు జారకుండా చూసేది ఒర. అక్కడివాళ్ల మాటలో హోల్‌స్టర్.

అందరి నడుముకూ...

ఒకప్పుడు అమెరికాలోనూ తుపాకీని బట్టల కింద దాచుకుని తిరగాలంటే చాలా రాష్ట్రాల్లో పర్మిట్ తప్పనిసరి. వర్మాంట్ లాంటి ఒకటి రెండు చోట్లే ఆ నిబంధన లేదు. అలాస్కా 2003లో, అరిజోనా 2010లో పర్మిట్ అక్కర్లేదన్నాయి. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్ కూడా ఆ దారి పట్టింది. 2024 నాటికి అలాంటి రాష్ట్రాలు 29 అయ్యాయి. ఈలోగా 2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు, ఎందుకు కావాలో ప్రత్యేక కారణం చూపితేనే పర్మిట్ ఇస్తామన్న న్యూయార్క్ వందేళ్లనాటి నిబంధనని కొట్టేసింది. నేషనల్ పార్కుల్లోకి కూడా 2010 ఫిబ్రవరి 22 నుంచి ఆయా రాష్ట్రాల చట్టాల ప్రకారం తుపాకీ తీసుకెళ్లొచ్చు.

దాంతో మామూలు ఉద్యోగులు, గృహిణులు, రిటైరైనవాళ్లు కూడా తుపాకీతో తిరుగుతున్నారు. జీన్స్ ప్యాంటు, మందపాటి తోలు బెల్టు ఉంటే ఇబ్బంది లేదు. ఒరని బెల్టుకి తగిలిస్తే సరిపోతుంది. చిక్కంతా ట్రాక్ ప్యాంటుతోనే! ఎలాస్టిక్ నడుము, పల్చటి గుడ్డ. గ్లాక్ 19 పిస్తోలుని తూటాలతో నింపితే దాదాపు 850 గ్రాములు. చిన్నదిగా పేరున్న సిగ్ పీ365 కూడా తూటాలు లేకుండానే అరకిలో. అరకిలో బెల్లం దిమ్మె ట్రాక్ ప్యాంటులో దోపుకుని పరిగెత్తి చూడండి. తెలిసిపోతుంది!

మూడు పనులు చేస్తేనే ఒర

రంగు, ఖరీదు, కంపెనీ పేరు... ఇవన్నీ తరవాత. ఒర చేయాల్సిన పనులు మూడు. ఒకటి, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పాలి. పైనుంచి నొక్కినా, పక్కనుంచి గుచ్చినా ఏదీ లోపలికి తగలకూడదు. అంటే గట్టి పదార్థంతో చేసింది కావాలి. రెండు, తుపాకీని బిగించి పట్టుకోవాలి. తలకిందులు చేసినా ఊడిపడకూడదు, మనం గట్టిగా లాగితే మాత్రం రావాలి. మూడు, ఒర తనకు తాను ఒంటి మీద కదలకుండా ఉండాలి.

మరి సౌకర్యం మాటేమిటి? అది నాలుగో పని కాదు, ఈ మూడూ నిలవడానికి ఆధారం. ఎందుకంటే గుచ్చుకునే ఒరని ఎవరూ ఎక్కువసేపు భరించలేరు. ఊరికే చెయ్యిపెట్టి సర్దుతుంటారు. ఆ సర్దడంలోనే ప్రమాదం ఉంది. లేదంటే విసుగొచ్చి తీసి కారు డాష్‌బోర్డులో పడేసి పరుగుకి వెళ్తారు. అమెరికాలో చోరీకి గురయ్యే తుపాకుల్లో కార్లలోంచి పోయేవాటి వాటా చాలా పెద్దది. పార్కు బయట ఆగిన కారంటే దొంగకి పండగే!

పరుగుకి ఒకటి, కొండకి ఒకటి

అన్ని పనులకూ ఒకే ఒర పనికిరాదు. ఏ ఆటకి ఒళ్లు ఎలా కదులుతుందో చూసి ఎంచుకోవాలి.

పరుగు: అడుగుకో కుదుపు కాబట్టి తుపాకీ ఎంత తేలికైతే అంత మంచిది. రూగర్ ఎల్‌సీపీ రకాలు 300 గ్రాముల దగ్గర్లో ఉంటాయి. బెల్టు అక్కర్లేకుండా పొట్టచుట్టూ వేసుకునే వెడల్పాటి సాగే పట్టీలు దొరుకుతాయి. వీటిని బెల్లీ బ్యాండ్ అంటారు. మెత్తగా, హాయిగా ఉంటాయి. కానీ వాటిలో కొన్ని ఉత్త గుడ్డే. గుడ్డ మీదనుంచి ట్రిగ్గర్ నొక్కుకుపోవచ్చు. లోపల గట్టి ప్లాస్టిక్ ఒర అమర్చినవే తీసుకోవాలి. ప్యాంటుతో సంబంధం లేకుండా సొంత నడుంపట్టీతో నిలబడే ఒరలూ వచ్చాయి. ఫిల్‌స్టర్ కంపెనీ ఎనిగ్మా ఆ కోవదే. నడుము చుట్టూ ఒక పట్టీ, తొడకి ఇంకో పట్టీ బిగిస్తే షార్ట్స్ కింద కూడా కదలదు.

సైకిల్: వీపు వెనక, సరిగ్గా వెన్నెముక మీద పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. సైకిల్ మీదనుంచి వెల్లకిలా పడితే ఆ ఇనుము వెన్నులో దిగబడుతుంది. ముందువైపు పెట్టుకుంటే హ్యాండిల్ మీదికి వంగినప్పుడు పొట్టలో గుచ్చుకుంటుంది. కాబట్టి తుంటి పక్కన గానీ, ఛాతీ మీద బిగుతుగా కట్టుకునే పౌచ్‌లో గానీ పెట్టుకుంటే నయం.

కొండలు, అడవులు: బరువైన బ్యాక్‌ప్యాక్‌కి నడుం బెల్టు ఉంటుంది. అది సరిగ్గా ఒర ఉండే చోటే నొక్కుతుంది. అందుకే అలాస్కాలో చేపలు పట్టేవాళ్లు, కొండలెక్కేవాళ్లు ఛాతీ మీద అడ్డంగా కట్టే ఒరలు వాడతారు. నీళ్లలో నడుములోతు దిగినా తుపాకీ తడవదు. ఎలుగుబంటి భయంతోనే తుపాకీ తీసుకెళ్లేవాళ్లు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2008లో వెలువడిన అలాస్కా అధ్యయనంలో, కారం ఘాటుండే స్ప్రే కొట్టినప్పుడు నూటికి 92 సందర్భాల్లో గోధుమరంగు ఎలుగులు వెనక్కి తగ్గాయని తేలింది. ఆ డబ్బా బరువూ తక్కువే!

జిమ్, యోగా: నిజం చెప్పాలంటే వీటికి సరైన ఒరే లేదు. బెంచీ మీద పడుకుని బరువులెత్తేటప్పుడు, శీర్షాసనం వేసేటప్పుడు, కరాటేలో ఎదుటివాళ్లతో పెనుగులాడేటప్పుడు తుపాకీకి ఒంటి మీద చోటు లేదు. లాకర్‌లో పెట్టడం ఇంకా తప్పు. ఇంట్లో తాళంపెట్టి రావడమే తెలివైన పని. పైగా చాలా జిమ్‌లు తుపాకులు తేవద్దని బోర్డులు పెడతాయి. టెక్సాస్‌లో నిబంధనల ప్రకారం పెట్టిన అలాంటి బోర్డుని కాదని లోపలికి వెళ్తే నేరమే.

చెమట చేసే చేటు

తోలు ఒర చూడ్డానికి బాగుంటుంది, ఒంటికి మెత్తగానూ ఉంటుంది. కానీ చెమటని పీల్చుకుంటుంది. నాని నాని అంచులు మెత్తబడతాయి. అలా మెత్తబడిన అంచు లోపలికి ముడుచుకుంటే, తుపాకీ పెట్టేటప్పుడు అదే వెళ్లి ట్రిగ్గర్‌ని నొక్కగలదు! వ్యాయామానికి కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ మేలు. విమానాల లోపలి భాగాల కోసం 1965లో తయారుచేసిన పదార్థమిది. నీళ్లతో కడిగి ఆరబెట్టొచ్చు. ఆకారం మారదు. అయితే ఒంటికి నేరుగా తగిలితే ఒరుసుకుంటుంది కాబట్టి కింద పల్చటి బనియన్ వేసుకోవాలి. ఒర కింది భాగాన చిన్న స్పాంజి ముక్క అతికిస్తే గుచ్చుకోవడం చాలావరకూ తగ్గుతుంది, తుపాకీ పిడి కూడా బయటికి ఉబ్బెత్తుగా కనబడదు.

చెమటలో ఉప్పుంటుంది. స్టీల్‌కి అది శత్రువు. పరుగు నుంచి రాగానే తూటాలు తీసి, పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయాలి. ఇంకో చిన్న జాగ్రత్త... స్పోర్ట్స్ జాకెట్లకు అంచున బొందులు, వాటి చివర ప్లాస్టిక్ గుండీలు వేలాడుతుంటాయి. తుపాకీని ఒరలో పెట్టేటప్పుడు అవి లోపలికి దూరి ట్రిగ్గర్‌కి అడ్డంపడితే అంతే సంగతులు. అందుకే చూస్తూ, నెమ్మదిగా పెట్టాలి. కుదిరితే ముందు తుపాకీని ఒరలో పెట్టేసి, తరవాత ఒరతో సహా ఒంటికి కట్టుకోవాలి.

బ్యాగులో ఉంటే?

లెగ్గింగ్స్ వేసుకునే ఆడవాళ్లకి ఒరతో మరీ ఇబ్బంది. అందుకే చాలామంది హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటారు. తుపాకీ కోసమే ప్రత్యేకంగా జిప్పు అర ఉన్న బ్యాగులు అక్కడ మామూలుగా అమ్ముతారు. 2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రంలోని హేడెన్‌లో ఓ 29 ఏళ్ల తల్లి పిల్లలతో సూపర్‌మార్కెట్‌కి వెళ్లింది. రెండేళ్ల కొడుకుని తోపుడుబండిలో కూర్చోబెట్టింది. పక్కనే అలాంటి బ్యాగు. పిల్లాడు జిప్పు తీసి చెయ్యి పెట్టాడు. తల్లి అక్కడికక్కడే కుప్పకూలింది.

ఒంటి మీద ఉన్న తుపాకీ ఎక్కడుందో మనిషికి తెలుస్తూ ఉంటుంది. బ్యాగులో ఉన్నదాన్ని మరిచిపోతాం. పార్కు బెంచీ మీద వదిలేస్తాం, పిల్లల చేతికి అందేచోట తగిలిస్తాం. అమెరికాలో ఏడాది నుంచి 19 ఏళ్లలోపు పిల్లల మరణాలకు కారణాల్లో 2020లో తుపాకులే మొదటి స్థానానికి చేరాయి. నడుముకి కట్టుకునే పౌచ్ వాడినా, తుపాకీ అరలో తాళాలు, ఫోను లాంటివేవీ పెట్టకూడదు. లోపల గట్టి ఒర ఉండాలి. ఇల్లు చేరేదాకా ఒంటి మీదనుంచి తీయకూడదు.

ఇంట్లోనే పరీక్ష

కొన్న వెంటనే రోడ్డెక్కకూడదు. తుపాకీలో, మ్యాగజైన్‌లో తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని ఒరలో పెట్టాలి. అదే బరువున్న నకిలీ పిస్తోలు దొరికితే మరీ మంచిది. ఇక గుంజీళ్లు తీయండి. వంగి కాలివేళ్లు ముట్టుకోండి. మెట్లెక్కి దిగండి. ఎగిరి దూకండి. గంటసేపు అలాగే ఉండండి. ఒక్కసారైనా చెయ్యి తనంతట తాను ఒర దగ్గరికి సర్దడానికి వెళ్లిందా? అయితే ఆ ఒర మీకు పనికిరాదు. ఎంత డబ్బు పోసినా సరే, దాన్ని పక్కన పెట్టాల్సిందే.

మనవాళ్లు ఏం చేయాలి?

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వెళ్తుంటారు. ఉదయం నడకకు వెళ్లినప్పుడు పక్కింటాయన నడుము దగ్గర ఉబ్బెత్తుగా కనిపిస్తే గాభరా పడక్కర్లేదు, అక్కడది చట్టబద్ధం కావచ్చు. ఆసక్తిగా అటే చూడటం, ముట్టుకోబోవడం మాత్రం వద్దు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. విజిటర్ వీసా, ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బీ ఉద్యోగ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండటాన్ని అక్కడి కేంద్ర చట్టం నిషేధించింది. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. ఉల్లంఘిస్తే 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. రాష్ట్రంలో పర్మిట్ అక్కర్లేదు కదా అని స్నేహితుడి తుపాకీ నడుముకి తగిలించుకుంటే జీవితమే తలకిందులవుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ వీసా నిషేధం వర్తించదు. వాళ్లు కూడా రాష్ట్రం దాటితే చట్టం మారుతుందని గుర్తుంచుకోవాలి.

అర్హత ఉండి, అవసరమనుకుని తుపాకీ కొనుక్కున్నవాళ్లు దాని మీద పెట్టినంత శ్రద్ధ ఒర మీదా పెట్టాలి. తుపాకీతో కాల్చాల్సిన అవసరం చాలామందికి జీవితంలో ఎప్పుడూ రాదు. ఒర అవసరం మాత్రం బయటికి వెళ్లిన ప్రతిరోజూ, వేసిన ప్రతి అడుగులోనూ ఉంటుంది. సరైన ఒర దొరకని రోజున తుపాకీని ఇంట్లో తాళంపెట్టి, ఉత్త చేతులతో హాయిగా పరిగెత్తి రావడమే ఉత్తమం.