కొన్ని వెబ్‌సైట్లు మాత్రమే ఎందుకు తెరుచుకోవు?

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. సరిహద్దు గ్రామంలోని ఒక పాఠశాలలో కంప్యూటరు ముందు తండ్రీకూతుళ్లు కూర్చొని ఉన్నారనుకొందాం. దినపత్రిక తెరుచుకొంటున్నది, క్రికెట్ స్కోరు కనబడుతున్నది; దరఖాస్తు పంపవలసిన వెబ్‌సైటు ఒక్కటి మాత్రం తెరుచుకోవడం లేదు. బళ్లారి, హోసూరు, బరంపురం ప్రాంతాలలోని తెలుగువారికి ఇటువంటి సందర్భం అపరిచితం కాదు. పొలం పత్రాలు ఒక రాష్ట్రపు వెబ్‌సైటులోను, పిల్లల చదువు వివరాలు మరొక రాష్ట్రపు వెబ్‌సైటులోను ఉన్న కుటుంబాలకు ఈ చిక్కు రెండింతలు.

ఇటువంటప్పుడు ‘నెట్ పోయింది’ అనడం పరిపాటి. కాని ఒక్క వెబ్‌సైటు తెరుచుకొన్నా లైను బతికి ఉన్నట్లే. దోషం మరొక చోట ఉన్నది. ఆ చోటు తెలుసుకోకుండా కంప్యూటరును ఫార్మాట్ చేయించి, మెకానిక్కుకు డబ్బిచ్చి, చివరకు అదే వెబ్‌సైటు ముందు మళ్లీ అదే విధంగా కూర్చొన్నవారు ఎందరో ఉన్నారు.

ఒక పుట మన తెర మీదికి రావడానికి ముందు జరిగే పని కొంత తెలుసుకోవడం అవసరం. మనం టైపు చేసిన పేరును బ్రౌజరు ముందుగా అంకెల చిరునామాగా మార్చుకొంటుంది. ఈ పేర్ల పట్టికను నడిపే ఏర్పాటునే డి.ఎన్.ఎస్. అంటారు. తరువాత ఆ చిరునామాలోని సర్వరుతో సంబంధం ఏర్పడుతుంది. పిమ్మట సర్వరు తన గుర్తింపు పత్రాన్ని, అనగా సర్టిఫికెట్టును చూపుతుంది. అది సరియైనదని నమ్మిన మీదటనే బ్రౌజరు పుటను తెచ్చి చూపుతుంది. ఈ మజిలీలలో ఎక్కడ ఆగినా తెర మీద పుట ఉండదు. అయితే ఆగిన చోటును బట్టి చికిత్స మారుతుంది.

మజిలీని కనుగొనడానికి గొప్ప పరిజ్ఞానం అక్కరలేదు, పోల్చి చూచే ఓపిక చాలు. అదే వెబ్‌సైటును మొబైల్ ఫోనులో, వైఫై ఆపివేసి, ఫోను డేటాతో తెరవాలి. అక్కడ కూడా తెరుచుకోకపోతే దోషం చాలావరకు ఆ వెబ్‌సైటుదే. ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలు వెలువడిన పూట లక్షలమంది ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు సర్వరు 503 అనే అంకెను చూపి చేతులెత్తేస్తుంది. అప్పుడు వేచి ఉండడమే మార్గం. 404 అని వస్తే సర్వరు ఉన్నది గాని అడిగిన పుట అక్కడ లేదని అర్థం. చిరునామాలో అక్షరదోషం ఉన్నదేమో చూచుకోవాలి. ఫోను డేటాతో తెరుచుకొన్నదా, అప్పుడు అదే ఫోనును కంప్యూటరు వాడుతున్న వైఫైకి కలిపి మళ్లీ చూడాలి. తెరుచుకొంటే లైను, రౌటరు నిర్దోషులు, కంప్యూటరును పరీక్షించాలి. తెరుచుకోకపోతే లైనును అనుమానించాలి. రెండు నిమిషాల ఈ పరీక్ష రెండు గంటల తడుములాటను తప్పిస్తుంది.

కంప్యూటరులో మొట్టమొదట చూడవలసినది తెరకు కుడివైపు అడుగున ఉండే తేదీ, సమయం. ఇది విచిత్రంగా తోచవచ్చు. కాని ప్రతి సర్టిఫికెట్టు మీద అది ఏ దినం నుండి ఏ దినం వరకు చెల్లుతుందో వ్రాసి ఉంటుంది. బ్రౌజరు ఆ తేదీలను కంప్యూటరు గడియారంతో సరిచూస్తుంది. గడియారం నెల రోజులు వెనుకబడి ఉంటే, గత వారం జారీ అయిన సర్టిఫికెట్టు దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. మూడు నెలల క్రితం జారీ అయినది మాత్రం చెల్లుతుంది. అందువల్లనే కొన్ని తెరుచుకొని కొన్ని తెరుచుకోవు! గడియారం ఏళ్ల తరబడి వెనుకబడితే సర్టిఫికెట్టు అడిగే వెబ్‌సైట్లన్నీ దాదాపుగా మూతపడతాయి. 2020 సెప్టెంబరు నుండి జారీ అయిన సర్టిఫికెట్లు 398 రోజులకు మించి చెల్లకూడదని బ్రౌజరు సంస్థలు నియమం పెట్టాయి. ఈ గడువును క్రమంగా తగ్గించి 2029 నాటికి 47 రోజులకు తేవాలని 2025లో నిర్ణయం జరిగింది. గడువు కురచ అయ్యేకొద్దీ గడియారపు చిన్న తప్పు కూడా పెద్ద ఆటంకమవుతుంది.

గడియారం తప్పడానికి కారణం సాధారణంగా మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్ల వంటి బ్యాటరీ. సి.ఆర్. 2032 అని అడిగితే గడియారాల దుకాణాలలోను దొరుకుతుంది. ఇది అయిపోయిన కంప్యూటరు కరెంటు పోయినప్పుడల్లా ఎన్నో ఏళ్ల వెనుకటి తేదీకి మరలిపోతుంది. వేసవి సెలవులలో రెండు నెలలు మూతపడి ఉన్న పాఠశాల కంప్యూటర్లలో ఇది తరచుగా కనబడుతుంది. మరొక తికమక కూడా ఉన్నది. అమెరికా పద్ధతిలో నెల ముందు, దినం తరువాత వ్రాస్తారు. కంప్యూటరు ఆ పద్ధతిలో ఉన్నప్పుడు 3-7 అని చూచి జూలై 3 అనుకొంటాము. అది నిజానికి మార్చి 7. నెల పేరు అక్షరాలలో కనబడేటట్లు చూచుకొంటే ఈ పొరపాటు రాదు.

తేదీ సరిగా ఉన్నదనుకొందాం. అప్పుడు యంత్రపు వయస్సును విచారించాలి. ఏ సంస్థలు ఇచ్చిన సర్టిఫికెట్లను నమ్మవచ్చునో తెలిపే జాబితా ఒకటి కంప్యూటరులో గాని బ్రౌజరులో గాని ఉంటుంది. అప్‌డేట్లు లేని యంత్రంలో ఆ జాబితా పాతబడిపోతుంది. 2021 సెప్టెంబరు 30న, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత సర్టిఫికెట్ల సంస్థకు ఆధారంగా ఉండిన ఒక పాత మూల సర్టిఫికెట్టు గడువు తీరింది. ఆ దినం నుండి లోకమంతటా ఎన్నో పాత యంత్రాలలో ఎన్నో వెబ్‌సైట్లు ఆగిపోయాయి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లకు ప్రత్యేక ఏర్పాటుతో 2024 వరకు ఊరట దొరికింది, 7.1 కంటె పాతవాటికి ఆ తరువాత అదీ లేదు. ఇటువంటి ఫోనులో ఫైర్‌ఫాక్స్ వేసుకొంటే పని జరిగే అవకాశం ఉన్నది, ఎందుకంటే అది నమ్మదగిన సంస్థల జాబితాను తన వెంట తానే తెచ్చుకొంటుంది.

బ్రౌజర్లకూ వార్ధక్యం ఉన్నది. విండోస్ ఎక్స్‌పీకి క్రోమ్ కొత్త కూర్పులు 2016లోనే నిలిచిపోయాయి. విండోస్ 7కు 109వ కూర్పే చివరిది. 2023 ఆరంభంలో అదీ ముగిసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సెలవిచ్చింది. ఆ బ్రౌజరు కోసమే కట్టిన పాత కార్యాలయ వెబ్‌సైటు ఏదైనా తెరవవలసి వస్తే, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో ఐ.ఇ. మోడ్ అనే సదుపాయం ఉన్నది. దానిని సెట్టింగులలో అనుమతించి వాడుకోవచ్చు.

యంత్రం కొత్తదే, తేదీ సరియైనదే, అయినా పుట రాలేదు. ఇక మిగిలినది బ్రౌజరు దాచుకొన్న సరుకు. ఇన్‌కాగ్నిటో లేక ప్రైవేట్ అనే కిటికీలో అదే వెబ్‌సైటును తెరిచి చూడాలి. అక్కడ తెరుచుకొంటే పాత కుకీలో, ప్రకటనలను అడ్డుకొనే ఎక్స్‌టెన్షనో కారణం. ఆ ఒక్క వెబ్‌సైటుకు సంబంధించిన కుకీలను తొలగిస్తే చాలును. కొందరు ఆవేశంలో దాచిన పాస్‌వర్డులతో సహా సమస్తం తుడిచివేసి, కొత్త కష్టాన్ని కొని తెచ్చుకొంటారు. రుసుము చెల్లించిన పిదప రసీదు రాకపోతే, వెబ్‌సైటు తెరిచే చిన్న కిటికీలను బ్రౌజరు అడ్డుకొన్నదేమో చిరునామా పట్టీ చివరన చూడాలి. రెండవసారి చెల్లించే ముందు బ్యాంకు ఖాతాను చూచుకోవడం తప్పనిసరి.

లైను మీద అనుమానం నిలిచినప్పుడు రౌటరును ఆపి, ఒక నిమిషం తరువాత తిరిగి వేయడం అందరూ చేసేదే. దానితో కుదరకపోతే డి.ఎన్.ఎస్.ను మార్చి చూడవచ్చు. 8.8.8.8 గూగుల్ సంస్థది, 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్ సంస్థది, రెండూ ఉచితమే. మరొక దోషం దీనికంటె గూఢమైనది. ఫోను తీగ లేక ఫైబరు మీద యూజర్ నేము, పాస్‌వర్డుతో కలిసే బ్రాడ్‌బ్యాండులో ప్రతి పొట్లం మీద 8 బైట్లు అదనపు చీటీకి పోతాయి. కనుక 1500 బైట్లకు బదులు 1492 మాత్రమే పడతాయి. వంతెన మీద బరువు పరిమితి తగ్గించి, ఆ సంగతి లారీ యజమానికి చేరనీయకపోతే ఏమవుతుంది? చిన్న బండ్లు దాటిపోతాయి, నిండు లారీలు వంతెన వద్ద నిలిచిపోతాయి. తేలిక పుటలు తెరుచుకొని, కొన్ని వెబ్‌సైట్లు మాత్రం గుండ్రని గుర్తు తిప్పుతూ ఎంతకూ రాకపోవడం దీని లక్షణం. రౌటరులో ఎం.టి.యు. అనే అంకెను 1492గా ఉంచితే సాధారణంగా సరిపడుతుంది. ఇవి గాక, ఐ.టి. చట్టం 69ఎ సెక్షను కింద కేంద్రప్రభుత్వం నిలిపివేయించిన వెబ్‌సైట్లూ ఉంటాయి. అవి ఎన్ని మరమ్మతులు చేసినా తెరుచుకోవు.

గడువు తరుముతున్నప్పుడు జరిగే ఒక ప్రమాదాన్ని వేరుగా చెప్పవలసి ఉన్నది. ‘ఈ సంబంధం సురక్షితం కాదు’ అని బ్రౌజరు ఎర్ర గుర్తుతో ఆపినప్పుడు, ‘అడ్వాన్స్‌డ్’ అనే మీట నొక్కి ముందుకు పోయే దారి ఒకటి కనబడుతుంది. కేవలం చదువుకొనే పుట అయితే ఒకవేళ నష్టం ఉండకపోవచ్చు. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, పాస్‌వర్డు అడిగే చోట ఆ మీట నొక్కరాదు. ఆ హెచ్చరిక గడియారం తప్పు వల్ల రావచ్చు. నడుమ ఎవరో చేరి అసలు వెబ్‌సైటుకు బదులు నకిలీని చూపుతున్నందువల్లా రావచ్చు. చూపుకు రెండూ ఒకే తీరున ఉంటాయి. తేదీ సరిదిద్దినా హెచ్చరిక పోకపోతే, నమ్మకమైన మరొకరి ఫోనులో దరఖాస్తు పూర్తిచేసి, ముగిసిన వెంటనే లాగ్ అవుట్ కావాలి. ఏ ఫోనులోను కుదరకపోతే, తెర మీది సందేశం తేదీ, సమయంతో సహా కనబడేటట్లు ఫోటో తీసి, ఆ వెబ్‌సైటులో గాని ప్రకటనలో గాని ఇచ్చిన సహాయ చిరునామాకు గడువు ముగియకముందే పంపి ఉంచాలి. ‘మీ వెబ్‌సైటు పనిచేయలేదు’ అనే మాట కంటె ఆ ఫోటోకు కార్యాలయంలో విలువ ఎక్కువ.