ఎనిమిది కాళ్ళ చీమ

కిందటి వేసవిలో ఒకనాడు పెరట్లో మామిడిచెట్టు దగ్గరనుంచి మా చిన్నమ్మాయి కేక పెట్టింది: "నాన్నా! ఈ చీమ దారం పట్టుకుని వేలాడుతోంది!"

చీమేమిటి, దారమేమిటని నవ్వుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే అమ్మాయి మాటే నిజం. కొమ్మ కదిలేసరికి కాబోలు, కిందికి జారి సన్నని పోగుమీద ఊగుతోంది ఒక ఎర్రచీమ.

"కాళ్ళు లెక్కపెట్టు" అన్నాను.

"ఆరు" అన్నది. మళ్ళీ చూడమన్నాను. ఈసారి ఎనిమిది తేలాయి.

అది చీమ కాదు, సాలీడు! మన గోడలమీద ఈగలను మాటేసి పట్టే గెంతుడు సాలీళ్ళకు దగ్గరి చుట్టం. భారతదేశంలోనూ, శ్రీలంకలోనూ, చైనా, ఆగ్నేయాసియా ప్రాంతాలలోనూ ఉంటుంది. శాస్త్రజ్ఞులు చాలాకాలం దీన్ని మిర్మరాక్నె అన్నారు. 2016లో మిర్మప్లాటా అని కొత్త ఇంటిపేరు పెట్టారు.

ఆకులు కలిపి గూళ్ళు కట్టే ఎర్రచీమ వేషం దీనిది. సాలీటికి తలా రొమ్మూ ఒకటే ముద్ద కదా; దీనికి అక్కడ ఒక నొక్కు ఉండి, రెండుగా కనబడుతుంది. తలకు చెరోపక్కా ఉన్న నల్లమచ్చలు చీమకళ్ళనిపిస్తాయి. ముందుకాళ్ళు రెండూ పైకెత్తి, చీమ మీసాల్లాగా ఆడిస్తుంది. మన పగటివేషగాళ్ళు దీని దగ్గర పాఠం నేర్చుకోవచ్చు!

ఎందుకింత శ్రమ? ఎర్రచీమ కరిచి, ఆ గాయంలో ఆమ్లం చిమ్ముతుంది. ఒకటి కరిస్తే వెనకాల దండంతా వస్తుంది. అందుకే కీటకాలను తినే జంతువులు చాలావరకు చీమల జోలికి పోవు. ఆ భయమే సాలీటికి రక్ష.

అయితే అసలు చీమల దగ్గర మాత్రం ఈ నాటకం సాగదు. అవి తమవాళ్ళను పోల్చుకునేది వాసనతో. చేతికి చిక్కితే చంపేస్తాయి. కనుక ఈ సాలీడు చీమల పక్కనే కాపురముంటూ, చీమ ఎదురైతే తప్పుకుపోతుంది. బతుకంతా ఇదే పని!

మగదాని అవస్థ మరీ విచిత్రం. దాని దవడలు ముందుకు బారుగా పొడుచుకువచ్చి, ఒక చీమ మరో చీమను నోట కరుచుకు పోతున్నట్టుంటుంది. చీమలనే తినే కొన్ని వేట సాలీళ్ళకు అలాంటి చీమలంటేనే ఇష్టం. నోట బరువున్నది కరవలేదు గదా! ఈ జాతి మగ సాలీళ్ళపై అవి ఎక్కువగా విరుచుకుపడతాయని 2006లో అచ్చయిన పరిశోధన ఒకటి తేల్చింది.

మేము చూస్తుండగానే మా పెరటి వేషగాడు పోగు పట్టుకుని పైకి ఎగబాకాడు. కొమ్మమీద చీమలబారు ఎదురైంది. ముందుకాళ్ళు ఆడిస్తూనే మెల్లగా పక్క ఆకు చాటుకు తప్పుకున్నాడు.