క్రిస్మస్ తాతకూ పిన్‌కోడ్ ఉంది!

మీకు తెలుసా? కెనడాలో క్రిస్మస్ తాతకు సొంత పోస్టల్ కోడ్ ఉంది! హెచ్0హెచ్ 0హెచ్0. సున్నాను ‘ఓ’ అనుకుని చదివి చూడండి. హో హో హో! అక్కడి పిల్లలు స్టాంపు కూడా అంటించక్కర్లేదు. ఉత్తరం డబ్బాలో పడితే చాలు, జవాబు వస్తుంది! అదీ 30కి పైగా భాషల్లో!

ఫ్రాన్సు తపాలా శాఖ 1962లోనే క్రిస్మస్ తాతకు ఒక కార్యాలయమే పెట్టింది! అక్కడి నుంచి వెళ్లిన మొదటి జవాబు రాసిందెవరో ఊహించండి. ఫ్రాన్స్వాజ్ డోల్టో! పిల్లల మనసు చదవడంలో ఆ దేశమంతా పేరున్న వైద్యురాలు!

ఇంతకీ ఇది వ్యాపారమవుతుందా? అయింది! టెక్సాస్‌లో బైరన్ రీస్ అనే ఆయన శాంటామెయిల్ అని ఒక సంస్థ పెట్టాడు. అమ్మానాన్నలు డబ్బు కడతారు. పిల్లల పేరు మీద తాత ఉత్తరం వస్తుంది! దాని మీది చిరునామా అలాస్కాలోని నార్త్ పోల్ అనే ఊరిది. ఆ ఊరి కోడ్ 99705. పిల్లలకు ఇంకేం రుజువు కావాలి!

జాగ్రత్త కూడా చెప్పాలి. న్యూయార్క్‌లో జాన్ గ్లక్ అనే ఆయన తాతకు వచ్చే ఉత్తరాలకు జవాబులు ఇప్పిస్తానని ఒక సంఘం పెట్టాడు. ఊరంతా మెచ్చుకుంది. చందాలు కురిశాయి! లెక్కలు మాత్రం తేలలేదు. 15 ఏళ్ల తర్వాత, 1928లో, పోస్టాఫీసు ఆయనకు ఉత్తరాలు ఇవ్వడమే మానేసింది! పిల్లల పేరుతో తీసుకున్న ప్రతి రూపాయికీ లెక్క ఉండాలి. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను.

అమెరికా తపాలా శాఖ 1912 నుంచి ఇలాంటి ఉత్తరాలను దాతలకు అందిస్తోంది. మరి ఇప్పుడు ఆ దాతలకు పిల్లల ఇంటిపేరు గానీ, చిరునామా గానీ కనిపించవు! పిల్లలకు ఇలా ఉత్తరాలు రాసే పని మనం పెట్టుకున్నా అంతే జాగ్రత్త. వివరాలు అమ్మానాన్నలే ఇవ్వాలి. పండగ అయిపోగానే అవి రాసుకున్న కాగితం చింపెయ్యాలి!

ఇక చేయి తిరిగిన వాళ్లు ఎలా రాశారో చూద్దామా? మార్క్ ట్వేన్ 1875లో కూతురు సూసీకి క్రిస్మస్ తాతలా ఉత్తరం రాశాడు. ఎక్కడి నుంచి? చంద్రుడి మీది భవనం నుంచి! పాపకు అప్పుడు నిండా నాలుగేళ్లు లేవు!

టోల్కీన్ సంగతి వింటే నోరు తెరుస్తారు! ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన ఆయనే. 1920లో మూడేళ్ల కొడుక్కి తాత పేరుతో ఒక ఉత్తరం రాశాడు. అంతటితో ఆగలేదు. 1943 దాకా రాస్తూనే ఉన్నాడు! తాత చలిదేశం మనిషి కదా, అక్షరాలు వణుకుతూ ఉండేవి! మధ్యలో ఒక ధ్రువపు ఎలుగుబంటి దూరి, మొద్దు అక్షరాలతో తన మాట తాను గిలికేది! ఉత్తర ధ్రువం స్టాంపులు కూడా ఆయనే బొమ్మలు వేసి అంటించేవాడు. ఒక్కోసారి పోస్ట్‌మన్‌ను బతిమాలి ఆయన చేతే ఇప్పించేవాడు! ఇంత శ్రద్ధ పెడితే ఏ బిడ్డ నమ్మదు చెప్పండి?

మన దేశంలోనూ సెలవుల ఉత్తరాలున్నాయి! 1928 వేసవిలో ఇందిర ముస్సోరీలో ఉంది. నాన్న నెహ్రూ అలహాబాదు నుంచి రాశారు. ఒకటి కాదు, 30 ఉత్తరాలు! భూమి ఎలా పుట్టింది, మనిషి ఎలా వచ్చాడు, అన్నీ పదేళ్ల పాపకు అర్థమయ్యేలా! ఆ తర్వాతి ఏడాదే అవి పుస్తకమయ్యాయి!

ఇప్పుడు మన నల్లగొండకు, మన పాలమూరుకు వద్దాం. ఇక్కడి పిల్లలకు పండగ ఉత్తరాలు రాసే పని పెట్టుకుంటే పెట్టుబడి ఎంతో తెలుసా? కార్డు ముక్క 50 పైసలు! దేశంలో ఏ మూలకైనా అదే ధర!

ఇక్కడో కిటుకు ఉంది, చెవి ఇలా పెట్టండి. విషయం అచ్చేయించి పంపితే అదే కార్డుకు 6 రూపాయలు! చేత్తో రాస్తే అర్ధ రూపాయి! చక్కని చేతిరాతకు తపాలా శాఖే రాయితీ ఇస్తోందన్నమాట!

క్రిస్మస్ దాకా ఎందుకు ఆగాలి? బతుకమ్మ పండగకే మొదలుపెట్టండి! తొమ్మిది రోజులు, తొమ్మిది కార్డులు. రాసేది బతుకమ్మే! ఎంగిలిపూల నాడు చేరాల్సిన కార్డులో తంగేడు ఎక్కడ పూసిందో చెప్పండి. ముద్దపప్పు నాడు వంటింటి కబురు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ! ఆ రోజు ఎవరూ పూలు పేర్చరు కదా. కార్డులో ఒకే ఒక్క మాట రాయండి, ‘నేను మాట్లాడను!’ అని. పిల్లలు ఎగిరి గంతేస్తారు! సద్దుల నాడు మళ్లీ నవ్వుతూ వీడ్కోలు. మొత్తం కార్డుల ఖర్చు ఎంతో లెక్క కట్టారా? 4 రూపాయల 50 పైసలు! అమ్మానాన్నలు కట్టిన డబ్బులో మిగిలినదంతా మీ కష్టానికి ఫలితం. దసరా సెలవుల్లో అమ్మమ్మ ఊళ్లో ఉన్న పిల్లలకు అయితే ముందే ఆ చిరునామా అడిగి పెట్టుకోండి!

సంక్రాంతికి ఎవరు రాయాలి? పాలమూరు పిల్లలమర్రి రాయొచ్చు! 700 ఏళ్ల చెట్టంటారు. దానికి తెలియని కథ ఉంటుందా? వానాకాలంలోనైతే నాగార్జునసాగర్ రాయొచ్చు! ‘ఈ రోజు నా 26 గేట్లూ ఎత్తారోయ్!’ అని మొదలుపెడితే, నల్లగొండ పిల్లాడు కార్డు పట్టుకుని వాడంతా తిరుగుతాడు!

ఒక్క అంకె కార్డును జిల్లా దాటిస్తుంది, తెలుసా? నల్లగొండ పిన్‌కోడ్ 508001. మహబూబ్‌నగర్ 509001. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి! రాసేటప్పుడు రెండుసార్లు సరిచూసుకోండి!

ఇంకో అద్భుతం! స్టాంపు మీద మీ పాప ఫోటో వేయించుకోవచ్చు! తపాలా శాఖ ‘మై స్టాంప్’ పథకంలో 12 స్టాంపుల షీటు 300 రూపాయలు. పండగ కానుకగా కవరు మీద అంటించి పంపితే, ఆ పాప కవరు చింపుతుందా? చింపనే చింపదు!

మరి పిల్లలు తిరిగి రాయడం మొదలుపెడితే? వాళ్లకో పెద్ద మైదానం ఉంది! ప్రపంచ తపాలా సమాఖ్య 1971 నుంచి పిల్లలకు అంతర్జాతీయ ఉత్తరాల పోటీ పెడుతోంది. 9 నుంచి 15 ఏళ్ల వాళ్లెవరైనా రాయొచ్చు. మన తపాలా శాఖ ద్వారానే పంపాలి. ఈసారి కార్డులు కొనడానికి వెళ్లినప్పుడు, కౌంటర్‌లో ఆ పోటీ సంగతి కూడా అడగండి!